రాజుగారు తిన్న ఉగ్గు

కొండలకీ సముద్రానికీ నడుమ ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే ప్రచండవర్మ మహారాజు చెడ్డవాడు కాడు గానీ, తన నోట వచ్చిందల్లా బ్రహ్మవాక్కని నమ్మేవాడు.

యుద్ధంలో చనిపోయిన సైనికుల పిల్లల కోసం ఆయన కోటలోనే బాలశాల కట్టించాడు. ఒకనాడు భోజనాల వేళ పరివారంతో వెళ్లి చూస్తే, ఒకరి విస్తట్లో మెత్తటి పప్పన్నం, ఇంకొకరి విస్తట్లో రాగిముద్ద, ఎదిగే ఆడపిల్లల చేతుల్లో నువ్వుల చిమ్మిలి.

"నా నీడన పక్షపాతమా!" అని రాజు కళ్లెర్రజేశాడు. "రేపటి నుంచి చంటిపిల్ల మొదలు నా వరకూ అందరికీ ఒకటే వంట, ఒకటే కొలత. నేను జొన్నసంకటీ మాంసం కూరా తిని ఇంతవాణ్ణయ్యాను. అందరూ అదే తినాలి."

పరివారమంతా "ఆహా" అంది. విస్సన్న ఒక్కడే పసివాళ్ల వంక దిగులుగా చూశాడు. కొలువులో హాస్యానికి పెట్టింది పేరు అతను. ఆ పిల్లల తండ్రుల్లో చాలామంది చిన్నప్పుడు అతనితో ఆడుకున్నవాళ్లే.

మర్నాడు అతను బాలశాలకు వెళ్లేసరికి లోపల ఒకటే గగ్గోలు. పిల్లల్ని సాకే పోలమ్మ, ఇంకా పళ్లైనా రాని చంటిపిల్ల నూకాల్ని బోర్లా పట్టుకుని వీపు చరుస్తోంది. సంకటి గొంతుకి అడ్డం పడింది. చివరికి ముద్ద బయటపడి పిల్ల కేరుమంది.

"రాజాజ్ఞ అంటూ వంటవాళ్లు నోట్లో పెట్టేశారయ్యా!" పోలమ్మ ఏడ్చింది. "ఇవాళ్టికి గండం గడిచింది. రేపో?"

విస్సన్న మొహాన నవ్వు పులుముకుని కొలువుకు వెళ్లాడు.

"ప్రభూ, తమ ఆజ్ఞ అమోఘం. వంటవాళ్లకే చేతకావడం లేదు. వంటశాల నాకప్పగిస్తే, చంటిపిల్ల నుంచి తమరి దాకా అందరూ తినగలిగే వంట ఒకటి వండిస్తాను. కానీ తమరు తింటారా అని..."

"ప్రచండవర్మ మాట తప్పడు!" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

మధ్యాహ్నం బంగారు పళ్లెం వచ్చింది. దాని మధ్యలో చిన్న ఉగ్గుగిన్నె. బియ్యం, పెసరపప్పు వేయించి విసిరి కాచిన ఉగ్గు, పైన ఒక నేతిచుక్క.

"మిగతా భోజనం ఏదీ?"

"ఇంతే ప్రభూ. ఒకటే కొలతన్నారుగా. బాలశాలలో చంటిపిల్ల నూకాలు పొట్టకి ఇదే ఎక్కువ."

మాట ఇచ్చాడు కనక రాజు గుటుక్కున మింగాడు. రాత్రీ అదే. తెల్లవారాక గుర్రమెక్కబోతే కాళ్లు తేలిపోయాయి, కళ్లు తిరిగాయి. అక్కడ బాలశాలలో పెద్దపిల్లల ఒళ్లోకి మాత్రం చిమ్మిలి ఎలా వచ్చిపడుతోందో విస్సన్న చూసీ చూడనట్టే ఉన్నాడు.

"విస్సన్నా! చంపదలిచావా? ఏనుగంత మనిషికి ఉగ్గు ఏ మూలకు?" అని రాజు నిండుకొలువులో అరిచాడు.

"ఏనుగంత మనిషికి ఉగ్గు చాలనప్పుడు, గుప్పెడంత పిల్లకి సంకటి ఎలా దిగుతుంది ప్రభూ? నిన్న అది నూకాలు గొంతులో ఇరుక్కుంది. నా కళ్లతో చూశాను."

రాజు మొహం పాలిపోయింది. "పిల్ల...?"

"బతికింది."

రాజు సింహాసనంలో వెనక్కి వాలాడు. విస్సన్న గొంతు తగ్గించాడు. "పాలు తాగే బిడ్డకి పాలు, పళ్లొచ్చే బిడ్డకి మెత్తటి పప్పన్నం, పరుగులు తీసేవాడికి రాగిముద్ద, ఈడొచ్చే పిల్లకి నువ్వులూ బెల్లమూ. పోలమ్మ చేసింది పక్షపాతం కాదు ప్రభూ. అన్ని ఆకళ్లనీ సమానంగా తీర్చడం."

రాజు ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. "నాకు బుద్ధి రావడానికి ఉగ్గు తాగాల్సొచ్చిందిరా! ఆజ్ఞ రద్దు. ముందు నాకు సంకటి తెప్పించండి!" మెడలోని ముత్యాల హారం తీసి విస్సన్న మెడలో వేసి, బాలశాల పెత్తనం కూడా అతనికే ఇచ్చాడు.

విస్సన్న హారంతోనే బాలశాలకు పరుగెత్తాడు. పంక్తిలో పిల్లలు గలగలా తింటున్నారు. నూకాలు పోలమ్మ ఒళ్లో ఉగ్గు అంటిన మూతితోనే నిద్రపోయింది.

"మీరు తిన్నారా అయ్యా?" అంది పోలమ్మ.

నిన్నటి నుంచి తాను ఏమీ తినలేదని అతనికి అప్పుడు తట్టింది. పిల్లల పంక్తి చివర చతికిలబడ్డాడు.

"నాకేం పెడతావు?"

"మీ ఈడుకు తగిందే," అంటూ పోలమ్మ అతని విస్తట్లో వేడివేడి చారన్నం వడ్డించింది.