పొద్దెక్కని వేళ తొండ

హంపమ్మ అవ్వను ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ప్రశ్న విని, అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించేది. పని అయ్యాక కూడా ప్రశ్న గుర్తుంటే మళ్లీ అడగమనేది. హగరి ఏటి ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య ఆమె గుడిసె. తత్వం తెలుసుకుందామని ఎగేసుకుంటూ వచ్చినవాళ్లలో సగం మంది ఈ పనులకే విసిగి ఇళ్ల దారి పట్టారు. ఓపిక పట్టి నిలిచినవాళ్లలో ఎర్రిస్వామి ఒకడు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మాఘమాసానికే ఏరు ఎండిపోయింది. ఎర్రిస్వామి వాడవాళ్లు ఏటి నడుమ ఇసుక తోడి చెలమ తీసుకున్నారు. అందులో ఊరే నీళ్లే వాళ్లకూ వాళ్ల మేకలకూ దిక్కు. ఊరి పెత్తందారు చెన్నబసప్పకు అది కంటగింపైంది. తన తోటలో వెట్టి చేయడానికి ఒప్పుకుంటేనే నీళ్లు అన్నాడు. మనుషుల్ని పంపి చెలమ చుట్టూ ముళ్లకంప కొట్టించాడు. ఊరి బావిలో వాడవాళ్లు చేద వేయకూడదన్నాడు. వలస పోదామంటే బండి ఎవరూ బాడుగకు ఇవ్వకూడదన్నాడు. ఎర్రిస్వామి భార్య నిండు చూలాలు, తల్లికి మోకాళ్లు పడిపోయాయి. వాళ్లను నడిపించుకుని పోయే మాట కల్ల. ఆ పెద్దమనిషి ఎంత తెలివిగా బిగించాడో చూడండి!

మధ్యాహ్నం వేళ ఎర్రిస్వామి అవ్వ ముందు కూలబడ్డాడు.

"అవ్వా, బలం లేనోడు ఎదురు తిరిగితే దాన్ని పౌరుషమంటారా, పిచ్చి అంటారా?"

అవ్వ దిబ్బ కేసి చూపించింది. ఎండలో ఒక ఇసుక తొండ ఉంది. ఇసుక కాలుతుంటే ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతూ నిలబడింది. దాన్ని పట్టుకుని రమ్మంది. ఇల్లు కాలుతున్నప్పుడు తొండల వేట ఏమిటని ఎర్రిస్వామికి ఒళ్లు మండింది. అయినా లేచాడు. అతను ఒంగేలోపు తొండ తోక పైకెత్తి, ముందుకాళ్లు కూడా నేలకు ఆనించకుండా పరుగు లంకించుకుంది. దిబ్బ చుట్టూ తిరిగి తిరిగి చివరికి గుప్పెడు ఇసుకతో, కాలిలో ముల్లుతో వచ్చాడు. అవ్వ నవ్వి, రేపు పొద్దు పొడవక ముందే రమ్మంది.

మర్నాడు చలి ఎముకలు కొరుకుతోంది. అదే తొండ రాయి మీద ఉంది. వేడి కోసం ఒంటిని పలచగా పరిచి, బొగ్గులా నల్లబడి, తూర్పు వైపు చూస్తోంది. దానిలో కదలిక లేదు. ఇక ఇది చేతికి చిక్కినట్టే అనుకున్నాడు ఎర్రిస్వామి. అడుగు దగ్గర పెట్టినా అది కదల్లేదు. చెయ్యి చాపాడు. అప్పుడది మెల్లగా అతని వైపు తిరిగింది. గొంతు కింది సంచి ఉబ్బించి నోరు బార్లా తెరిచింది. వేలు దగ్గరికి రాగానే కరిచి పట్టుకుంది. విదిలించినా వదల్లేదు. చెయ్యి ఇసుకకు ఆనించాక గానీ విడిచిపెట్టలేదు, విడిచిపెట్టి కూడా నోరు మూయలేదు. జానెడు లేని ఆ జీవి ముందు నుంచి వెనక్కి జరిగింది తానేనని ఎర్రిస్వామికి కాసేపటికి గానీ తెలియలేదు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

"నిన్న నన్ను చూసి పారిపోయింది గదా అవ్వా?"

"నిన్న ఎండకు దాని ఒళ్లు కాగినాది, పరుగొచ్చినాది. ఈ చలిలో దానికి యాడిది పరుగు?"

ఎర్రిస్వామి నెత్తురు చిమ్మిన వేలు నోట్లో పెట్టుకుని ఏటి కేసి చూశాడు. మొదటి ప్రశ్న మళ్లీ అడగలేదు. ఇంటికి కూడా పోకుండా నేరుగా ఏట్లోకి దిగాడు.

ముళ్లకంప చేతుల్తోనే లాగి పారేశాడు. చెలమలోకి దిగి, జారిపడిన ఇసుక ఎత్తిపోశాడు. వాడ ఆడవాళ్లు మొదట దూరం నుంచి చూశారు, తర్వాత బిందెలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. కబురు అందుకుని చెన్నబసప్ప కర్రల మనుషుల్ని వెంటేసుకుని ఊడిపడ్డాడు. పైకి రమ్మని గద్దించాడు.

"రాను. కొట్టాలనుంటే నువ్వే దిగి రా," అన్నాడు ఎర్రిస్వామి, మొలలోతు గుంటలో నిలబడి.

కర్రల మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా దిగడానికి ఎవరికీ కాలు రాలేదు. ఆ వేళకు హంపమ్మ అవ్వ బిందెతో వచ్చి, వాళ్ల మధ్య నుంచే నడిచి, ఎర్రిస్వామి ముంచి ఇచ్చిన నీళ్లు అందరి ఎదుటా కడుపునిండా తాగింది.

చెన్నబసప్ప ముఖం కందగడ్డ అయింది. నిన్నటిదాకా తన నీడ కనబడితే పక్కకు తప్పుకున్నవాడికి ఈ తెగింపు నేర్పింది నువ్వేనా అని ఆమెను నిలదీశాడు.

అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది.

"నేను కాదప్పా. దారులన్నీ మూసింది నువ్వు."