మసి పూయని ఆకు

అనగనగా ఒక రాజ్యం. అదెక్కడని అడక్కండి పిల్లలూ, నాకూ తెలీదు. దాని రాజు సోమభూపాలుడు. ఆయనకు ఒక్కడే తమ్ముడు, కేశవుడు.

అన్నకు పట్టాభిషేకం జరిగిన రోజున తమ్ముడు ఒక్క మాటైనా మాట్లాడలేదు. మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. "వీడికి నేనంటే గిట్టదు కాబోలు" అనుకున్నాడు రాజు. మర్నాడు మధ్యాహ్నంలోగా తమ్ముణ్ణి పొలిమేర దాటించమన్నాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. శిక్ష అమలయ్యే ముందు రాజు ఒక కథ వినాలి. చనిపోయిన తండ్రిగారు రాసిన తాటాకుల కట్ట తెప్పించి చదివించారు.

కథలో ఒక పావురం, ఒక ఉడుత. ప్రాణ స్నేహితులు. ఒకనాడు పావురం, "ఏం ఉడుతమ్మా, ఇంత ఆలస్యమా?" అని పిలిచింది. ఉడుత పలకలేదు. మొహం తిప్పేసుకుంది. ఎందుకు? చూస్తే ఆఖరి ఆకు ఖాళీ!

రాజు సింహాసనం మీంచి లేచాడు. "అచ్చం మా తమ్ముడే! ఆ ఉడుత మనసులో ఏముంది?" అని ముగ్గురు పండితులను అడిగాడు.

"అసూయ ప్రభూ. పావురానికి రెక్కలున్నాయిగా!" అన్నాడు మొదటివాడు.

"కాదు, పొగరు. దాని తోక చూసుకుని" అన్నాడు రెండోవాడు.

మూడోవాడు గొంతు తగ్గించాడు. "కుట్ర ప్రభూ. గూడు కాజేద్దామని."

రాజు తల పట్టుకున్నాడు. "ఎవరు చెబితే అదే నిజమనిపిస్తోంది. ఒక్క ఉడుతకు ఇన్ని మనసులా?" నిజమే పిల్లలూ, వింటుంటే నాకూ అయోమయంగానే ఉంటుంది.

అవతల గుమ్మం దగ్గర కేశవుడు మూట పట్టుకుని నిలబడ్డాడు. ఎండ నడినెత్తికొస్తోంది.

సభలో దీపపు కుందులు తుడుస్తోంది అక్కెమ్మవ్వ. అరవయ్యో ఏట అక్షరాలు నేర్చింది. చూపు ఆనక, తాటాకు మీది గీతలు వేలితో తడిమి చదివేది. "ఏదీ, ఆ ఆకు ఇటివ్వండి నాయనా" అంది.

"ఖాళీ ఆకు చదువుతావటే ముసలీ?" అని పండితులు పకపకా నవ్వారు.

అవ్వ తడిమి చూసింది. "రాత ఉంది బాబూ. గంటంతో గీశాక మసి పూయందే కనబడుతుందా? పెద్దయ్యగారు ఆ మసి పూసేలోగానే పోయారు, పాపం." దీపం మసి పూసి, గుడ్డతో తుడిచింది. నల్లగా అక్షరాలు తేలాయి. అవ్వ వేలితో తడుముతూ, కూడబలుక్కుంటూ చదివింది.

"ఉడుత బుగ్గల నిండా పావురానికి తెచ్చిన జొన్నలున్నాయి. నోరు తెరిస్తే రాలిపోతాయని పలకలేదు."

పండితులు నేల చూపులు చూశారు. రాజుకు మాత్రం అయోమయం తీరలేదు. "మరి మా వాడి మనసులో ఏముందవ్వా?"

"నాకేం తెలుసు దొరా? ఆకుకైతే మసి పూశాం. మనిషిని నోటితో అడగాలి. గుమ్మంలోనే ఉన్నాడుగా!"

రాజు పరుగెత్తాడు. "ఒరేయ్, నాతో ఎందుకురా మాట్లాడలేదు?"

కేశవుడు తల వంచుకున్నాడు. "నీ తల మీద నాన్న కిరీటం చూశానన్నయ్యా. నోరు విప్పితే అందరిలో ఏడ్చేస్తానని..."

రాజు ఆ మూట తన భుజానే వేసుకుని, తమ్ముణ్ణి లోపలికి తీసుకొచ్చాడు.

కథలోని వాళ్లయినా, మన ఇంట్లోని వాళ్లయినా, మౌనంగా ఉన్నవాళ్ల మనసును మనమే ఊహించి తీర్పు చెప్పకూడదు; ముందు అడిగి తెలుసుకోవాలి.