నడిమెట్ట భైరవస్వామి కొండ ఎక్కని కథ

పూర్వం నల్లమల అడవుల అంచున, ఈనాడు మనం నడిమెట్ట అని పిలుచుకుంటున్న కొండ కింద, ఓబళనాయకుడనే పాలెగాడు ప్రజలను కన్నబిడ్డలవలె పరిపాలిస్తూ ఉండేవాడు. ఆయన మహాబలశాలి, మల్లయుద్ధ ప్రవీణుడు, భైరవస్వామికి పరమభక్తుడు. కోపం కూడా బలానికి తగ్గట్టే ఉండేదని పెద్దలు చెబుతారు. ఆయన ధర్మపత్ని తిమ్మాంబ మాత్రం ఆ కోపాన్ని వడగళ్లవానలాగా చూసేది. కాసేపు చూరు కింద నిలబడి ఓర్చుకుంటే దానంతట అదే వెలిసిపోతుందని ఆమె అనుభవం.

ఆ దంపతులకు ప్రాణసమానమైన వేటకుక్క ఒకటి ఉండేది. దాని పేరు సివంగి. ఒకానొక పారువేట నాడు, అంటే స్వామివారు పల్లకి ఎక్కి అడవికి వేటకు బయలుదేరే ఉత్సవం నాడు, గాయపడిన అడవిపంది నాయకుని మీదికి దూకగా, సివంగి దాని చెవి పట్టుకుని వేలాడి యజమాని ప్రాణం నిలిపింది. నాటి నుండి దానికి మొదటి ముద్ద పెట్టనిదే నాయకుడు తాను ముట్టేవాడు కాడు. అటువంటి సివంగికి ఏళ్లు మీదపడి నడుము పట్టేసింది, వెనుకకాళ్లు కొయ్యబారాయి. పొద్దున్నే లేవబోయి కూలబడి, ఎవరైనా చూశారేమోనని అభిమానంతో అటూ ఇటూ చూసుకునేది.

ముసలితనం ఎవరికైనా వచ్చేదే కదా, దానికింత దిగులెందుకని మీరు అడగవచ్చు. ఆ సీమలో తాతల నాటి కట్టడి ఒకటి ఉండేది. పారువేట నాడు వేటకుక్కలన్నీ స్వామి పల్లకి వెంట శిఖరం మీది మండపం దాకా తమ కాళ్లతో తామే ఎక్కాలి. ఎక్కలేని కుక్క స్వామిసేవకు పనికిరాదని దానిని అడవిలోనే విడిచి రావాలి, ఎత్తుకుని మోయకూడదు. అంతకుముందటి ఏడు గొర్రెలకాపరి ఎర్రమ్మ కుక్క సగం దారిలో చతికిలబడితే, ఆమె కాళ్ల మీద పడి ఏడ్చినా నాయకుడు "కట్టడి కట్టడే" అని ముందుకు నడిచాడు. ఇప్పుడు అదే కట్టడి ఆయన గడప తొక్కింది, పండుగ కూడా దగ్గరపడింది.

సివంగి కాళ్లు తన చేతులతోనే బాగుచేస్తానని నాయకుడు నడుం కట్టాడు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆయనకు తెలిసిన మర్దన తాలింఖానాలో మల్లులు ఒకరికొకరు చేసుకునే మర్దన ఒక్కటే. ఎముకలు పటపటమనకపోతే అది మర్దనే కాదని ఆయన నమ్మకం. కాబట్టి దోసిలి నిండా నువ్వులనూనె పోసుకుని, మోకాలు నేలకు ఆనించి, దున్నపోతు లాంటి వస్తాదును లొంగదీసిన ఆ చేతులతో పాపం ఆ ముసలి కుక్క నడుము పట్టాడు. సివంగి పెట్టిన కేకకు కోట బురుజు మీది పావురాలన్నీ లేచిపోయాయట. అది ఈడ్చుకుంటూ పోయి గాదె కింద దూరి, ఆ పూట అన్నానికి కూడా బయటికి రాలేదు.

"జొన్నపిండి పిసికినట్టు పిసుకుతాండారే, అది రొట్టె అనుకుంటిరా, కుక్క అనుకుంటిరా?" అని తిమ్మాంబ నిలదీస్తే, వేలెత్తి చూపిస్తే కత్తి దూసే ఆ మహావీరుడు నూనె చేతులతో తలవంచుకుని నిలబడ్డాడు.

ఆనాటి సాయంసంధ్యలో జటాజూటధారి అయిన ఒక భైరవయోగి, విభూతి పూసుకుని, కుడికాలు కుంటుతూ కోటకు వచ్చాడు. అర్ఘ్యపాద్యాలు స్వీకరించి, "నాయనా, కాలు పీకుతాంది. రవ్వంత పట్టు" అన్నాడు. సాధుసేవ మహాభాగ్యమని నాయకుడు సంతోషంగా కూర్చుని తన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. మరుక్షణం యోగి ఎగిరిపడ్డాడు.

"కాలు పట్టమంటే కుస్తీకి దిగినావేందయ్యా! ముందు చేయి మోపి ఊరకుండు. చేయి అడగాల, ఒళ్లు చెప్పాల. అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే అయితే ఎట్ల?"

నాయకుడు సిగ్గుపడి, అరచేయిని ఆ కాలి మీద ఊరకే ఉంచాడు. తొలుత ఏమీ తెలియలేదు. కొంతసేపటికి ఒకచోట వేడిగా, ఒకచోట బిగుతుగా ఉన్నట్టు, బిగుతు చుట్టూ కండరం భయపడి ముడుచుకున్నట్టు చేతికి తెలియసాగింది. నొప్పి ఉన్నచోట మొదలుపెట్టకుండా దానికి దూరంగా మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి రావాలనీ, రోమం వాలు వెంట నిమరాలనీ, వేలికొసలతో చిన్న చిన్న సున్నాలు చుట్టాలనీ, వెచ్చజేసిన వావిలాకు మూటను తన చెంపకు తాకించి చూసుకున్నాకనే కాపడం పెట్టాలనీ, వద్దని ఒళ్లు తప్పించుకుంటే ఆ పూటకు చాలించాలనీ యోగి ఒక్కొక్కటిగా బోధించాడు. ఆ తరువాత లేచి, కుంటకుండా చకచకా నడిచి వెళ్లిపోయాడు. తెల్లవారి చూస్తే కోట వాకిట దుమ్ములో ఆయన అడుగుల పక్కనే ఒక పెద్ద కుక్క అడుగులు కూడా ఉన్నాయి. వచ్చినప్పుడు ఆయన ఒంటరిగానే వచ్చాడు. భైరవస్వామి వాహనం కుక్కే కదా, వచ్చినది ఎవరో తిమ్మాంబకు వెంటనే తెలిసింది. నాయకునికి ఆమె చెబితే తెలిసింది.

సివంగి మాత్రం అంత తేలికగా క్షమించలేదు. నాయకుడు గాదె పక్కన నేల మీద కూర్చుని, అరచేయి వెల్లకిలా పరచి, దాని దయ కోసం ఎదురుచూశాడు. చివరకు ఒక పూట అది గడ్డం తెచ్చి ఆ అరచేతిలో పెట్టింది. అప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. ఆ రోజు మొదలు కొలువు కూడా నేల మీదనే జరిగింది. ఒక చేయి సివంగి నడుము మీద ఉండగా గట్టిగా అరిస్తే అది ఉలిక్కిపడుతుంది కనుక, నాయకుడు ఫిర్యాదులన్నీ మెల్లగా విని మెల్లగా తీర్పు చెప్పవలసి వచ్చింది. కుక్క కాళ్లు సాగుతున్నాయో లేదో కాని నాయకుని నోరు మెత్తబడిందని జనం చాటుగా నవ్వుకున్నారు. ఏలినవారి మెప్పు కోసం కొలువుకాండ్రు తమ పిల్లులకు, మేకలకు నూనె రాయడం మొదలుపెట్టి, గీరించుకున్న చేతులతో కొలువుకు వచ్చేవారు. సివంగి మాత్రం ఆవులిస్తూ, నిట్టూరుస్తూ, కాలు బారజాపుకుని నిద్రపోయేది. కొన్నాళ్లకు లేచి తోక ఊపుతూ వాకిలి దాకా నడిచింది.

పారువేట రానే వచ్చింది. డప్పులు మోగుతుండగా స్వామి పల్లకి కదిలింది. సివంగి పల్లకి పక్కనే తోక పైకెత్తి కొండ ఎక్కుతుంటే జనమంతా జేజేలు పలికారు. సగం కొండ దాకా ఎక్కింది. అక్కడ ఒక చదునైన బండ మీద నిలిచి, ముందుకాలు ఎత్తి, మళ్లీ దించి, మెల్లగా కూర్చుండిపోయింది. నొప్పి తగ్గించవచ్చు గాని ఏళ్లను తగ్గించే చేయి ఏది? నాయకుడు పక్కనే కూలబడి నడుము నిమిరాడు. అది లేవబోయింది, కాళ్లు వణికాయి, ఆయన ముఖంలోకి చూసింది. డప్పులు ఆగిపోయాయి, బోయీలు పల్లకి దించారు. విడిచి రమ్మని ఆజ్ఞ ఇవ్వవలసినవాడు ఆయనే. ఆయన చేయి మాత్రం సివంగి నడుము మీదనే ఉండిపోయింది. గుంపులో ఎర్రమ్మ ఉంది. ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు.

ఆలస్యమవుతోందని బోయీలు పల్లకి ఎత్తబోయారు. పల్లకి లేవలేదు. ఇంకా కొందరు భుజాలు పట్టారు, లేవలేదు. నాయకుడే లేచి తన భుజం పెట్టి, దేవుణ్ణి తలచుకుని బలమంతా ఒడ్డాడు. ఆ పల్లకి కొండలో భాగమైనట్టు కదలక మెదలక ఉండిపోయింది. అందరూ నివ్వెరపోయి చూస్తుండగా తిమ్మాంబ ముందుకు వచ్చింది.

"స్వామి గూడా ఎక్కలేకుండాడు. కట్టడి ప్రకారం ఈయన్ని గూడా అడవిలో ఇడిసిపెట్టి పోదామా?"

 ఆ మాటకు నాయకుడు నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. తలపాగా తీసి చంకన పెట్టుకుని, ఎర్రమ్మ ముందు నిలిచి, "తల్లీ, తప్పు చేస్తిని" అని చేతులు జోడించాడు.  ఆమె వచ్చి బండ మీద సివంగికి ఆవలి పక్కన కూర్చుని, దాని వీపు మీద చేయి వేసింది. ఆ కట్టడి ఆ బండ మీదనే రద్దయింది, స్వామికి గుడి కూడా అక్కడే వెలసింది. ఆ తరువాతి పారువేటకు సివంగి నాయకుని భుజాల మీద ఊరేగుతూ వచ్చిందని, బరువు మోసినవాడికంటే అదే ఎక్కువ ఆయాసపడుతున్నట్టు ముఖం పెట్టిందని చెప్పుకుంటారు.

నేటికీ నడిమెట్టలో భైరవస్వామి సగం కొండ మీదనే కొలువై ఉన్నాడు. గుడి ముందరి బండ చేతుల రాపిడికి, నూనెకు అద్దంలా నునుపెక్కి ఉంటుంది. పారువేట నాడు జనం తమ ముసలి కుక్కలను, పిల్లులను, మేకలను, ఆఖరికి పంజరంలోని చిలుకలను కూడా ఎత్తుకుని వస్తారు. పూజారి మీ గోత్రమేమిటని అడగడు, ఎవరిని తెచ్చారని అడిగి ఆ మూగజీవి పేరుననే సంకల్పం చెబుతాడు. వెచ్చని వావిలాకు మూటే ప్రసాదం. దానితో ఆ బండ మీద కాసేపు ఒక ప్రాణిని సేదదీర్చిన తరువాతనే స్వామి దర్శనం. ఒట్టి చేతులతో వచ్చినవారి కోసం గుడి కుక్కలు వరుసగా వెల్లకిలా పడుకుని సిద్ధంగా ఉంటాయి.

శిఖరం మీది మండపం మాత్రం ఖాళీగానే ఉంది. ఇప్పుడు రోడ్డు పడింది, జీపులు వెళుతున్నాయి, స్వామిని పైకి తీసుకుపోయి ప్రతిష్ఠ చేయిస్తామని ఎందరో శ్రీమంతులు ముందుకు వచ్చారు. ప్రతిసారీ పూజారులు ఒకే మాట చెబుతారు: "అడిగి చూసినాం సామీ. ఎక్కలేనోళ్లు ఇంకా వస్తాండారంట, వాళ్లంతా వచ్చినాక చూద్దామన్నాడు."