సారెబుగ్గ వెలసిన వైనం

పూర్వం విళంబి నామ సంవత్సరం జ్యేష్ఠ శుద్ధ ఏకాదశినాడు, వానలింకా రాక, పడమటి గాలి ఎర్రదుమ్ము రేపుతూ ఉండగా, గుమ్మడికొండ కింది బుగ్గ ఉన్నట్టుండి ఎండిపోయింది. ఆ రోజు ఏ వారమన్న విషయంలో ఊరి పెద్దలకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. గాలి విషయంలో మాత్రం ఉంది.

ఆ నీటితో కంటిజబ్బులూ కీళ్ళనొప్పులూ నయమవుతాయని ఆ సీమ అంతటా నమ్మకం. బుగ్గ పక్కనే కాపురమున్న కుమ్మరి ఓబులమ్మ, అమ్మవారు పోసి చూపు కోల్పోయిన కూతురు చెంచక్కకు రోజూ అక్కడ కళ్ళు కడిగేది. పిల్లకు వెలుగునీడలు తెలియడం మొదలైంది. అంతలో పాళెగాడు కొండమనాయుడు, మోకాళ్ళ వాపుతో అంత దూరం రాలేక, నీటిని కోటలో నిలవ చేసుకునేందుకు పెద్ద బాన చేయమని ఆమెను ఆజ్ఞాపించాడు. బుగ్గ నీటి మహిమ బుగ్గ మన్నులోనే నిలుస్తుందని ఆ కుమ్మరి మనసుకు తోచి, అడుగునున్న బంకమన్ను తవ్వి బాన చేసింది. నీటిని పట్టి ఉంచింది ఆ బంకమన్నే. అది పోగానే నీరు భూమిలోకి దిగిపోయింది.

కబురందిన నాయుడు పల్లకిలో వచ్చాడు. వెంట వచ్చిన బావమరిది చినమల్లప్ప పగలబడి నవ్వాడు. "ఏమే ఓబులమ్మా, బాన చేయమంటే బుగ్గకే బొక్క పెట్టావా?"

"పొద్దుగుంకేలోగా ఊరు విడిచిపో," అన్నాడు నాయుడు. "ఆ బానను కాల్పించి కోటకు పంపండి. మిగిలిన మహిమ అందులోనైనా ఉంటుంది."

బాన ఇంకా పచ్చిదే. కాలిస్తే అది మళ్ళీ మన్ను కాదు. కూతురి చూపు అక్కడితో సరి. ఓబులమ్మ అడ్డం నిలబడింది. "పొమ్మంటే పోతాను దొరా. ఎవరి మన్ను వాళ్ళకిచ్చి పోతాను." అంటూనే బానను ఎండిన గుంటలోకి దొర్లించి, కూతురి చేయి పట్టుకుని దిగి, కుమ్మరులు మన్ను తొక్కే తీరున మడమలతో తొక్కసాగింది.

"అమ్మా, కాలి కింద చల్లగా ఉంది," అంది చెంచక్క.

నీరు కదిలింది గాని, తొక్కిన మన్నును ఎక్కడికక్కడ పైకి తన్నుతోంది. బరువు కావాలి. అత్తగారినుంచి సంక్రమించిన రాతిసారె, ఇద్దరి కూటికీ ఆధారమైన కుమ్మరిచక్రం, పాకలో ఉంది. ఓబులమ్మ దాన్ని దొర్లించుకొచ్చి మన్ను మీద పడేసింది. మరుక్షణం దాని నడిమి రంధ్రంలోంచి నీరు నిలువెత్తున ఎగిసింది! తల్లి దోసిలి పట్టి కూతురి కళ్ళు కడిగింది.

"ఇదేమిటే అమ్మా, మొహాన ఇంత మన్ను!" అంది చెంచక్క.

జనం ఒక్క గొంతుతో జేకొట్టారు. నాయుడు పల్లకి దిగి, తలపాగా తీసి, ఓబులమ్మ ముందు దోసిలి పట్టాడు. పల్లకి వెనక్కి ఖాళీగా వెళ్ళింది.

ఆ సారె నేటికీ అక్కడే ఉంది. ఏటా ఆ ఏకాదశికి పచ్చికుండను బుగ్గలో కరిగించి ఉత్సవం చేస్తారు. నాయుడి తదనంతరం పెద్దకొడుక్కి కోట, చిన్నకొడుక్కి మాగాణి వచ్చాయి. చెంచక్కకు సారె, వచ్చినవారికి నీరు పోసే హక్కు దక్కాయి. చినమల్లప్పకు ఏమీ రాలేదు. ఆయన వంశంవారు ఇప్పటికీ అందరితోపాటు వరుసలో నిలబడి దోసిలి పడతారు. చెంచక్క వంశంవారు పోస్తారు.