సగం దారిలో సంతకం

గోదావరి ఒడ్డున గండిపాలెంలో బుద్ధిరాజు వారి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే చెప్పుకున్నారు. ఓసారి గేటుకి ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని బోర్డు తగిలించాక ఇంట్లో కుక్క లేదని గుర్తొచ్చింది. అబద్ధమాడే వంశం కాదు కదా. అంతే, కుక్కపిల్ల దొరికేదాకా గవర్రాజు బాబాయి గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసి మొరిగాడు.

ఆ ఇంటి తెలివికి శిఖరం కేదారం. పుస్తకాలు నమిలి మింగిన కుర్రాడు. పాలు విరిగితే వ్యవస్థ కుళ్ళిపోయిందనేవాడు, చెప్పు తెగితే శ్రామికులారా మేల్కొనండి అనేవాడు. వీడు నినాదాలివ్వడం తప్ప ఒక్క పని చేసిన పాపాన పోలేదని రేవులో జనం నవ్వుతుంటే కడుపు మండిపోయేది. అందుకే ఇటలీలో, సెల్వా నది ఒడ్డున ఉన్న వల్దోరా అనే బుల్లి పాతకాలపు ఊరిని పట్టుకున్నాడు. నదులు వేరైనా మనుషులొకటే, మన రెండూళ్ళకీ స్నేహ ఒప్పందం కావాలని రాశాడు. అక్కడి మేయరమ్మ రొజెట్టా సరే, రమ్మంది. సంతకం లేకుండా తిరిగొస్తే జన్మలో ఇక నోరెత్తనని రేవులో అందరి ముందూ శపథం చేసి, బాబాయినీ రత్నమాల పిన్నినీ వెంటబెట్టుకుని విమానమెక్కాడు కేదారం.

వల్దోరా ముచ్చటైన ఊరు. ఎర్ర పెంకుల ఇళ్ళు, రాళ్ళు పరిచిన సందులు, కిటికీకో పూలకుండీ, ఊరి మధ్య నది, నది మీద రాజుల కాలం నాటి రాతి వంతెన. మేయరమ్మ ఎదురొచ్చి, ఈ ఊరు మీదే అనుకోండి, మీ ఇంట్లో ఉన్నట్టే ఉండండి అంది. కేదారం ఆ మాట బాబాయికీ పిన్నికీ తెలుగులో చెప్పాడు.

ఇంకేముంది. ఇంట్లో ఈ వేళకి ఏం చేస్తామా అని పిన్ని ఆలోచించింది. చీరలన్నీ నదిలో జాడించి వంతెన పొడుగునా ఆరేసింది. మునిసిపల్ ఆఫీసు మెట్లు కడిగి ముగ్గేసింది. లోపలివాళ్ళు తొక్కుతారని తలుపుకి బయట గొళ్ళెం పెట్టింది. మేయరమ్మ కిటికీలోంచి దిగొచ్చి, ముగ్గు బాగుందంది పాపం.

ఈలోపు కూడలిలో రాతి గుర్రం మీద కూర్చున్న రాతి దొర కేదారం కంటబడ్డాడు. రక్తం ఉడికిపోయింది. “తరతరాలుగా జనం నెత్తినెక్కి కూర్చున్నాడు బాబాయ్. ఇలాంటివాళ్ళని చెయ్యి పట్టుకుని కిందికి దింపాలి” అని పిడికిలి బిగించి, ఐస్‌క్రీం కొనుక్కోవడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి బాబాయి గుర్రం మెడ మీదున్నాడు. అతని చేతిలో దొర చెయ్యి ఉంది.

“దిగు దొరా అని మర్యాదగానే లాగానురా. చెయ్యి వచ్చింది, ఆయన రాలేదు.”

కేదారం చేతిలోంచి ఐస్‌క్రీం జారిపోయింది. సంతకం పోయినట్టే, రేవులో ఇక నోరెత్తే యోగం లేనట్టే. కానీ మేయరమ్మ కోపం దిగమింగుకుంది. ఆ చెయ్యి ఊడటం కొత్త కాదట, అతికించేవాళ్ళున్నారట. రేపు సాయంత్రం సంతకానికి వచ్చేటప్పుడు పట్టుకురండి అంది. తమ ఊరి ఆచారం కూడా చెప్పింది. సగం దారి మేం వస్తాం, సగం దారి మీరు రావాలి, సరిగ్గా మధ్యలో సంతకం. ఎవరూ ఎక్కువ నడవకూడదు, ఎవరూ తక్కువ నడవకూడదు. అలా చెప్పి వంతెన వైపు చూపించి వెళ్ళిపోయింది.

సమానత్వమంటే ఇదీ అని కేదారం కళ్ళు చెమర్చాయి.

“మరి మనం మొత్తం దారి వచ్చేశాం కదరా నాయనా?” అంది పిన్ని.

కేదారం వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. నిజమే. మేయరమ్మ నడవాల్సిన సగం కూడా తామే నడిచేశారు. దీన్నే దోపిడీ అంటారు. వెంటనే వెనక్కి వెళ్ళి సగం దగ్గర నిలబడాలి. వంతెన ఎందుకు చూపించిందో బాబాయికి అప్పుడర్థమైంది. రైలు స్టేషను దాని అవతలే ఉంది మరి.

అంతే, తడి చీరలు మూటగట్టుకుని బయల్దేరారు. బాబాయి పటం మీద అటు జానెడు ఇటు జానెడు కొలిస్తే సగం దారి ఓ ఎడారిలో తేలింది. వచ్చేటప్పుడు విమానం మారిన చోటే. అక్కడి విమానాశ్రయంలో దిగి బెంచీ మీద కూర్చున్నారు.

మర్నాడు సాయంత్రం మేయరమ్మ ఫోను. వంతెన మధ్యలో ఉన్నానంది, ఊరంతా వచ్చింది, బ్యాండు కూడా వచ్చింది, మీరెక్కడ అంది.

“మేమూ మధ్యలోనే ఉన్నామండీ. మీరే ఇంకా బయల్దేరలేదు” అన్నాడు కేదారం.

అవతల ఫోను పెట్టేశారు.

కేదారం తలపట్టుకున్నాడు. జీవితంలో తలపెట్టిన ఒకే ఒక్క పని, అదీ ఇలా అయింది. అప్పుడు బాబాయి తువ్వాలు మూట విప్పి రాతి చెయ్యి తీశాడు.

“ఒరే, సంతకం చేసేది చెయ్యే కదా. మేయరమ్మ పట్టుకురమ్మన్నది అందుకేరా. వాళ్ళ ఊరి చెయ్యి ఇదుగో.”

కేదారం మొహం వెలిగిపోయింది. ఒప్పంద పత్రం బెంచీ మీద పరిచాడు, తన సంతకం చేశాడు, రాతి వేళ్ళ సందులో కలం దూర్చాడు. బాబాయి ఆ చేతిని పట్టుకుని రాయించబోతే మాత్రం ఒప్పుకోలేదు.

“బలవంతపు సంతకం చెల్లదు బాబాయ్. దాని ఇష్టప్రకారం దాన్ని చెయ్యనివ్వు.”

ముగ్గురూ దాని ముందు కూర్చున్నారు. చెయ్యి కదల్లేదు. మొహమాటపడుతోందని బాబాయి అటు తిరిగి కూర్చున్నాడు. ఏసీ చలికి బిగుసుకుపోయిందేమోనని పిన్ని కొబ్బరినూనె రాసి మర్దనా మొదలుపెట్టింది. కేదారం మాత్రం వంగి, దానికి ధైర్యం వచ్చేలా, చిన్న గొంతుతో ఒక్కో నినాదమే చెబుతున్నాడు.