ఫిడేలు మాస్టారిని వదలకుండా పట్టుకున్నాం

మా ఇంట్లో తెలివితక్కువ వాళ్ళు ఒక్కరూ లేరు. ఈ మాట మేమే చెప్పుకుంటాం, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. మండపేటలో మిగతా ఇళ్ళల్లో పెద్దల మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. మేమలా కాదు. ఎవరేం చెప్పినా తు.చ. తప్పకుండా చేస్తాం. డాక్టరు గారు మా నాన్నతో "రోజూ పొద్దున్నే ఒక గంట నడవండి వీర్రాజు గారూ" అన్నారు. అంతే, నాన్న ఇంట్లోంచి బయల్దేరి తిన్నగా గంట నడుస్తాడు. గంటయ్యేసరికి ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోంచి బస్సెక్కి వచ్చేస్తాడు. రెండో గంట నడవమని డాక్టరు చెప్పలేదు కదా!

ఇలాంటి ఇంట్లో పుట్టిన నాకు పదిహేనో ఏట ఫిడేలు మీద మనసైంది. ఒక పెళ్ళిలో కచేరీ విన్నాను. పెళ్ళికూతురి మొహం గుర్తులేదు, విందులో ఏం పెట్టారో గుర్తులేదు, ఆ ఫిడేలు మాత్రం నెల్లాళ్ళు చెవుల్లోనే ఉండిపోయింది. నేర్చుకోకపోతే బతకలేననిపించింది. నాన్న పాపం కాకినాడ వెళ్ళి ఫిడేలు కొనుక్కొచ్చాడు. షాపాయన ఆయనకో మాట చెప్పి పంపించాడు.

"మీ చుట్టుపక్కల ఇంటికొచ్చి ఫిడేలు ప్రైవేటు చెప్పేది అవధాని మాస్టారొక్కరేనండి. ఆయన కాదంటే ఇంకో దిక్కు లేదు. దొరికేరా, ఇంక వదలకండి."

ఇంకేముంది! కబురందుకుని అవధాని మాస్టారు మా గుమ్మంలో కాలుపెట్టగానే నాన్న ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాడు, సూరిబాబు బాబాయి ఎడంచెయ్యి పట్టుకున్నాడు. అలాగే తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. నాన్నమ్మ కాఫీ తెచ్చింది. పుచ్చుకోడానికి ఆయనకి చెయ్యేదీ? ఆవిడే ఊదిఊది నోట్లో పోసింది.

"ఏవిటండీ ఈ పట్టుకోవడం?" అన్నారాయన మీసాలకి కాఫీ కార్చుకుంటూ.

"వదలొద్దన్నారండి" అన్నాడు బాబాయి.

"నేనెక్కడికీ పోనయ్యా బాబూ! చెయ్యి వదులు!"

ఆ హామీ మీద వదిలారు. ఆయన చేతులు నలుపుకుని, నన్ను పిలిచి, సా అని అందించారు. నేనూ సా అన్నాను. పా అన్నారు, అన్నాను. ఆయన మొహం వెలిగింది. "ఈ పిల్లకి చెవుందండీ! ఈ ఇంట్లో ఇలాంటి చెవి ఎలా పుట్టిందో గానీ ఉంది. తప్పకుండా చెబుతాను" అన్నారు. నా సంతోషం చెప్పలేను. ఆ రోజు అన్నం కూడా సహించలేదు.

తర్వాత ఆయన రెండు మాటలు చెప్పారు. "విజయదశమికి పాఠం మొదలెడదాం. ఈ పదిహేను రోజులూ వాయించొద్దమ్మా, వినడమే. ఇక రెండోది, ఫిడేలుని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి. అది పాడయిందా, నేను గడప తొక్కను." ఇలా చెప్పి లేచారు. నాన్న అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికీ పోనన్నారు కదండీ?"

బాబాయి అప్పటికే ఆయన కోసం పక్క పరిచేశాడు. "చెప్పులు అరుగు మీద విడిచాను, కుక్క ఎత్తుకుపోతుందేమో చూసొస్తాను" అని చెప్పి పాపం ఆయన బయటపడ్డారు. చెప్పులు కనబడగానే పరుగు. ఆ వయసులో అంత పరుగు నేనెక్కడా చూడలేదు.

మర్నాటి నుంచి వినడం మొదలెట్టాం. ఫిడేలుని పీట మీద పెట్టి, చుట్టూ నలుగురం బాసింపట్టు వేసుకుని కూర్చుని వినేవాళ్ళం. ఎవరు వాయిస్తే వినాలో మాస్టారు చెప్పలేదు, మేమూ అడగలేదు. నాలుగో రోజుకి బాబాయి కళ్ళు మూసుకుని తల ఊపడం మొదలెట్టాడు. నిజం చెప్పొద్దూ, ఐదో రోజుకి నాకూ ఏదో వినబడింది. ఆరో రోజు ఒక బల్లి తీగల మీదుగా పాకింది. టింగుమంది. "శభాష్!" అని నాన్న కండువా తీసి బల్లికి కప్పబోయాడు, అది పారిపోయింది.

ఇక రెండో మాట. పసిపిల్లలా చూడాలంటే మా నాన్నమ్మని మించిన వాళ్ళెవరు? పురిటి పిల్లలకి నీళ్ళు పొయ్యాలంటే మా వీధి వీధంతా ఆవిడనే పిలుస్తారు. కాగులో నీళ్ళు కాచింది. పెరట్లో పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఫిడేలుని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టింది.

"ఒసే మంగతాయారూ, దీనికి రెండు బొడ్లున్నాయేవిటే?" అంది పొట్టమీది కన్నాలు చూసి.

"కాకినాడ పిల్ల కదా నాన్నమ్మా" అన్నాను. అప్పుడది సరైన జవాబే అనిపించింది!

కన్నాల్లో చారెడు ఆముదం పోసింది, కడుపు శుభ్రపడుతుందని. ఆ పైన వేడినీళ్ళు పోసింది. బోర్లా తిప్పి వీపు తట్టింది. బుడబుడమని నీళ్ళొచ్చాయి. సాంబ్రాణి పొగ వేసి, దిష్టిచుక్క పెట్టి, పాతచీరలో చుట్టి ఉయ్యాల్లో వేసింది. "ఒక్కసారీ ఏడవలేదు, బుద్ధిమంతురాలు" అని మెటికలు విరిచింది. ఒక్కరోజా? పండగ వరకూ రోజూ ఇదే వరస.

వారం తిరిగేసరికి ఫిడేలు పొట్ట ఒక పక్కకీ వీపు ఒక పక్కకీ విచ్చుకున్నాయి. నేను పరిగెత్తికెళ్ళి బాబాయిని లాక్కొచ్చాను. బాబాయి మాత్రం జానతో కొలిచి, "ఏం బెంగపడకే, పిల్ల ఒళ్ళు చేస్తోంది" అన్నాడు. నేను నమ్మాను. ఎందుకు నమ్మానని అడక్కండి, నేనూ ఆ ఇంటి పిల్లనే.

విజయదశమి నాడు మాస్టారు వచ్చారు, చేతులు రెండూ వెనక్కి పెట్టుకునే వచ్చారు. నా చెవి మీది మమకారంతోనే వచ్చారని నాకు తెలుసు. నాన్నమ్మ గర్వంగా ఉయ్యాల్లోంచి మూట తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. విప్పారు. మెడ ఒకటి, పొట్ట ఒకటి, వీపు ఒకటి, ఆముదం వాసన. 

"ఏవిటిది?"

"స్నానం అయిందండి. పాలే పట్టలేదు. ఏ పాలో మీరు చెప్పలేదు కదా" అంది నాన్నమ్మ.

మాస్టారు చివాలున లేచారు. చుట్టూ చూశారు. పెరట్లో కట్టేసి ఉన్న మా గేదె చుక్కమ్మ కనబడింది. దాని వైపు వేలు పెట్టి, "ఈ ఇంట్లో సంగీతం చెప్పడం కన్నా ఆ గేదెకి చెప్పుకోవడం నయం!" అని అరిచి వెళ్ళిపోయారు.

నేను గోడవారగా కూలబడి ఏడ్చాను. ఉన్న ఒక్క మాస్టారూ పోయారు. ఇంక నాకు ఫిడేలు లేదు. నాన్న మాత్రం చాలాసేపు ఆలోచించి తొడ చరిచాడు. "ఏడుస్తావేవిటే? మాస్టారు కాదనలేదు! మనింట్లో ఒకళ్ళకి చెబుతానన్నారు!"

అంతే! మర్నాడు తెల్లవారగానే చుక్కమ్మకి నీళ్ళు పోసి, కొమ్ములకి పసుపు రాసి, మెడలో బంతిపూలు వేసి, పళ్ళూ తాంబూలమూ పళ్ళెంలో పెట్టుకుని ఊరేగింపుగా బయల్దేరాం. మాస్టారు అరుగు మీద పళ్ళు తోముకుంటున్నారు.

"మీరు కోరిన శిష్యురాలండి. తీసుకొచ్చేం" అన్నాడు నాన్న.

ఆయన నోట్లోంచి వేపపుల్ల కింద పడింది. లోపలికెళ్ళి గడియ పెట్టేసుకున్నారు.

"శ్రుతి చేసుకుంటున్నారు" అన్నాడు బాబాయి.

మేం చుక్కమ్మని అరుగుకి కట్టేసి వీధిలో నిలబడ్డాం. నాకు కడుపు మండిపోయింది. చెవి ఉన్నది నాకు, సీటొచ్చింది దానికి! మళ్ళీ ఏడుపు తన్నుకొచ్చింది. నాన్నమ్మ కొంగుతో నా కళ్ళు తుడిచింది.

"ఊరుకోవే పిచ్చిదానా. ఇంక మనం ప్రైవేటు మాస్టారు కోసం ఊరూరా తిరగక్కర్లేదు. అది నేర్చుకొచ్చేక పెరట్లోనే కూచుని నీకు చెబుతుంది."

నా ఏడుపు టక్కున ఆగిపోయింది. కాబోయే గురువు కదా అని వంగి కాళ్ళకి దండం పెట్టబోయాను. చూస్తే నాలుగున్నాయి. గురువు దగ్గర తక్కువ చెయ్యకూడదని, చుట్టూ తిరిగి నాలుగింటికీ పెట్టాను.