గుమ్మానికో గంట

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో పోగులపాడు అని ఒక ఊరు. ఊఁ కొట్టండి మరి! మీరు ఊఁ కొట్టకపోతే నా కథ ముందుకు నడవదు.

పోగులపాడులో ఇంటికో మగ్గం. తెల్లారితే చాలు, వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా టకటకమని మగ్గాల చప్పుడే. ఆ వీధిలో చౌడమ్మ అని ఒక నేతగత్తె ఉండేది. పెళ్ళయిన ఏడేళ్ళకే మగడు పోయాడు. పిల్లలు లేరు. ఆమెకు ఉన్నదల్లా అమ్మ నేర్పిన పని, నడింట్లో నేల తవ్వి దింపిన గుంట మగ్గం. ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నూలు కండె పెట్టిన నాడెను పోగుల మధ్య విసిరిందంటే ఇక ఆమెకు లోకం గుర్తుండేది కాదు. "మగ్గం తల్లి నన్ను చల్లగా చూస్తోంది, ఇంకేం కావాలి నాకు?" అనేది. నిజంగానే ఇంకేమీ కోరేది కాదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. గుడ్డ నేయాలంటే ముందు పడుగు సిద్ధం కావాలి కదా! పడుగంటే నిలువు పోగులు. వాటిని వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకని పొద్దు పొడవగానే, పడుగు ఎవరిదైనా సరే, వీధి వీధంతా వచ్చి తలా ఓ చెయ్యి వేసేది. ఇవాళ నీది, రేపు నాది. ఎవరూ ఎవరినీ పిలవనక్కర్లేదు. పడుగు పట్టుకుని నిలబడ్డంతసేపూ కబుర్లు, వేళాకోళాలు, కాస్త కష్టసుఖాలు.

ఇలా ఉండగా, ఆ దేశాన్ని ఏలే మణికేతన మహారాజు ఒకనాడు ఆ దారిన వెళుతూ అరుగుల మీద ఆరేసిన చీరలు చూశాడు. చూసి పల్లకీ దిగాడు.

"ఇంత చక్కని నేత చూసి కూడా జనం నోరు మూసుకుని పోతున్నారా? ఎంత అన్యాయం! ఇంటింటి గుమ్మానికీ ఒక గంట కట్టండి. గుడ్డ నచ్చినవాళ్ళు గంట కొట్టి వెళ్ళాలి. నెలలో ఎవరి గంట ఎక్కువసార్లు మోగితే వారి ఇంటి మీద మన రాజ్యపు జెండా ఎగురుతుంది!" అన్నాడు.

పాపం, ఆయన మంచి మనసుతోనే అన్నాడు, తిట్టకండి. రాజుగారు తలుచుకుంటే గంటలకు కొదవా? మూడోనాటికల్లా ప్రతి గుమ్మానికీ ఇత్తడి గంట వేలాడింది.

మొదటి రోజు చౌడమ్మ గంట నలభై సార్లు మోగింది. అబ్బ, ఎంత హాయో ఆ చప్పుడు! రెండో రోజు ముప్ఫైసార్లే మోగింది. "అదేమిటి? నిన్నటి చీరే కదా ఇది!" అనుకుంది. మూడో రోజు పదకొండే. పక్కింట్లో మాత్రం గణగణలు ఆగలేదు.

పక్కిల్లు ఓబుళమ్మది. వయసులో పెద్దది. చౌడమ్మను "చెల్లీ" అని నోరారా పిలిచేది. ఏ కూర వండినా గిన్నెడు తెచ్చి పెట్టేది. ఇప్పుడు ఆ ఓబుళమ్మ గంట మోగినప్పుడల్లా చౌడమ్మకు చెవిలో ముల్లు గుచ్చినట్టు ఉండేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, పొరుగింటి గంట అంతకన్నా రుచి!

ఆనాటి నుంచి చౌడమ్మ తనకు నచ్చిన రంగులు మానేసింది. గంట కొట్టించే రంగులు వెతికింది. చిలకపచ్చ మీద ఎరుపు వేసింది, ఎరుపు మీద పసుపు వేసింది. ఆ చీర చూస్తే కళ్ళు బైర్లు కమ్మేవి. చేతిలో నాడె ఉన్నా చెవి మాత్రం గుమ్మం దగ్గరే ఉండేది.

మరి పడుగుల సంగతి? అడిగారా, అదే చెబుతున్నాను. పొద్దున్నే పక్కవాళ్ళ పడుగుకు వెళితే, ఆ కాస్తసేపట్లో మన గుమ్మం ముందుకు ఎవరొస్తారో, గుడ్డ చూపించేవాళ్ళు లేక ఎవరు పోతారో! అరుగు వదిలి ఎవరు కదులుతారు? ఎవరి పడుగుకు వాళ్ళే పెరట్లో ముక్కలు ముక్కలుగా గంజి పెట్టుకోసాగారు. గంజి ఒకచోట ముద్ద కట్టేది, ఒకచోట అసలు అంటేది కాదు. పోగులు పుటుక్కున తెగేవి.

నెలలు గడిచాయి. చౌడమ్మకు అన్నం సయించడం మానేసింది. కునుకు పట్టదు. గంట మోగకపోయినా మోగినట్టే ఉంటుంది. గుమ్మం దాకా పరిగెత్తి చూస్తే ఎవరూ ఉండరు. "నేను దేనికీ పనికిరాను" అనే మాట ఒకటి లోపల చేరి కూర్చుంది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? పడుగు దగ్గర చెప్పుకునే మాట అది, పడుగులు లేవాయె.

మొదట ఒక గంటల వ్యాపారి దగ్గరకు వెళ్ళింది. వాడు నవ్వి, "నీ గంట చిన్నది తల్లీ! పెద్దది కట్టు, జనం వాళ్ళే వస్తారు" అన్నాడు. గుమ్మడికాయంత గంట కట్టింది. మోగినప్పుడు పెద్దగానే మోగింది. మోగనప్పుడు ఆ నిశ్శబ్దమూ పెద్దగానే ఉంది.

తర్వాత ఒక సోదెమ్మ దగ్గరకు వెళ్ళింది. "ఇది పొరుగింటి దిష్టి! పక్కింటికేసి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టు" అంది సోదెమ్మ. కట్టింది. దాంతో ఓబుళమ్మతో ఉన్న ఆ కాస్త పలకరింపూ పోయింది.

మూడోసారి ముసలి వైద్యుడు నంజుండయ్య దగ్గరకు వెళ్ళింది. ఆయన నాడి చూశాడు, కళ్ళు చూశాడు.

"అమ్మాయీ, నీ మనసు అలిసిపోయింది. కాలు విరగడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, సిగ్గుపడకు. నిద్ర పట్టడానికి కషాయం ఇస్తాను, నలభై రోజులు మానకుండా తాగు. కానీ అది సగం మందే. ఒక్కమాట చెప్పు. ఈమధ్య నీ పక్కన కూర్చుని, ‘అన్నం తిన్నావా’ అని అడిగిన మనిషి ఎవరు?"

చౌడమ్మ ఎంతసేపు ఆలోచించినా ఒక్క పేరూ చెప్పలేకపోయింది. కళ్ళొత్తుకుంటూ కషాయం పొట్లం పట్టుకుని ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మగ్గం మీద కూర్చుంది. నాడె పట్టుకుంది. చెయ్యి లేవలేదు! ఎంత ప్రయత్నించినా లేవలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆడిన చెయ్యి, రాయిలా పడి ఉంది.

"ఇక నాకెందుకీ మగ్గం? గుంట పూడ్చేస్తాను" అనుకుంది.

పిల్లలూ, నేతపనివాళ్ళు మగ్గం గుంట పూడ్చరు. వంశంలో నేసేవాళ్ళు ఒక్కరూ మిగలనప్పుడు, ఏడుస్తూ పూడుస్తారు. చౌడమ్మ పెరట్లోంచి గంపెడు మన్ను తెచ్చి గుంటలో పోసింది. రెండో గంప ఎత్తింది.

అప్పుడు తలుపు కొట్టిన చప్పుడైంది. గంట కాదు, తలుపు!

తీసి చూస్తే ఓబుళమ్మ. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళు గుంటలు పడ్డాయి. ఆమె ఇంటి మీద వరుసగా మూడు నెలల నుంచీ జెండా ఎగురుతోంది మరి!

"చెల్లీ, నా పడుగు తెగిపోయింది. ఇది మూడోసారి. ఎవరినైనా అడుగుదామంటే, జెండా ఇంటిదానికి ఏం తక్కువని నవ్వుతారు. ఒక్కసారి వచ్చి కొస పట్టుకుంటావా?" అంది. అంటూనే గుమ్మంలో కూలబడి భోరుమంది.

"నీకేం లోటు అక్కా? నీ గంట క్షణం ఆగదు కదా!"

"అదేనమ్మా నా చావు. మోగిన ప్రతిసారీ, ఇదే ఆఖరుదేమోనని భయం. జెండా దిగిపోతే తలెలా ఎత్తుకోవాలని గుండెదడ. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో!"

ఆ గంటల చప్పుడు వెనక ఇంత కష్టం ఉందని చౌడమ్మకు ఏం తెలుసు? మెల్లగా, "అక్కా, నీ ఇంటికేసి నిమ్మకాయలు కట్టింది నేనే" అంది.

"చూశాన్లే. నీ అరుగు ముందు ఆగినవాళ్ళని మజ్జిగ ఇస్తానని పిలిచి నా అరుగెక్కించుకున్నది నేనే" అంది ఓబుళమ్మ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది, ఏది నవ్వో ఏది ఏడుపో తెలియకుండా రెండూ కలిసిపోయాయి. చౌడమ్మ గంప అక్కడే వదిలేసి, కొంగు బిగించి, "పద అక్కా" అంది.

ఇద్దరూ తెగిన పోగులు అతికి, పడుగును వీధిలోకి తెచ్చారు. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకున్నారు. నడుమ పడుగు వేలాడిపోతోంది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా వింతగా చూశారు. ఎదురింటి సిద్దప్ప తాత చూసి చూసి, "ఓసి మీ అసాధ్యం కూలా! పడుగు నేలకు తగిలితే మట్టి అంటుకోదూ!" అని గసురుకుంటూ అరుగు దిగి నడుమ పట్టుకున్నాడు. అతని వెనకే కోడలు గంజికుండ తెచ్చింది. ఆమె వెనక ఇంకొకరు కుంచె తెచ్చారు. చూస్తూండగానే వీధి వీధంతా వచ్చేసింది.

అందరి చేతులూ పడుగు మీదే ఉన్నాయి. ఇక గంట కొట్టేదెవరు? ఎన్ని నెలలకో పోగులపాడులో ఒక్క గంటా మోగలేదు. ఆ బదులు, "ఏమే, ఇంత చిక్కిపోయావేం?" "నీకూ నిద్ర లేదా? నాకే అనుకున్నాను!" అనే మాటలు వినిపించాయి.

సరిగ్గా అప్పుడే మణికేతన మహారాజు గుర్రం దిగాడు. ఆయనకు ఒళ్ళు మండిపోతోంది. ఎందుకంటే, నిండు సభలో ఆయన హాచ్చిమని తుమ్మితే పోగులపాడు ఉత్తరీయం నిలువునా చిరిగింది! మంత్రులు నవ్వు ఆపుకోలేక చచ్చారు.

"ఏమిటీ నేత? గంటలు కట్టించి ఇంత గౌరవం ఇస్తే, ఇదా మీరు చేసేది?" అని గర్జించాడు.

జనం బిక్కచచ్చిపోయారు. చౌడమ్మ మాత్రం చేతిలో కొస వదలకుండానే చెప్పింది.

"మహాప్రభూ, మీ గౌరవానికి దండం. కానీ ఎవరి గంట కోసం వాళ్ళం గుమ్మాలు కాచుకుని, ఒకరికొకరం లేకుండా పోయాం. పడుగు పట్టేవాళ్ళు లేక పోగు బలహీనపడింది. పలకరించేవాళ్ళు లేక మేమూ బలహీనపడ్డాం. తమరు చూసింది చిరిగిన గుడ్డనే. ఇక్కడ మా మనసులే చిరిగిపోయాయి. కోపం రేపు చూపించుకోండి ప్రభూ, ఇక్కడ ఒక చెయ్యి తక్కువైంది, కాస్త పట్టుకోండి!"

రాజు ఆమె ముఖంలోకి చూశాడు. పీక్కుపోయిన ఆ కళ్ళు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, చేతి కంకణాలు తీసి పక్కన పెట్టి పడుగు పట్టుకున్నాడు. చేతులు గంజి గంజి అయ్యాయి. ఒక ఘడియ గడిచింది.

"అమ్మా, పొద్దస్తమానం నా చుట్టూ భజనే. నా పక్కన ఇలా ఊరికే నిలబడ్డ మనిషి ఒక్కడూ లేడు. మీకు మేలు చేస్తున్నాననుకుని నా జబ్బే మీకూ అంటించాను, క్షమించండి" అన్నాడు.

ఆ సాయంత్రమే గంటలు ఊడదీసి ఆవుల మెడలో కట్టించాడు. ఆవుకేం, ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకోదు, హాయిగా గడ్డి మేస్తుంది!

పడుగు ఆరాక ఓబుళమ్మ, చౌడమ్మను చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తీసుకొచ్చింది. లోపలికి రాగానే గుంటలో మన్ను చూసింది. పక్కన రెండో గంప చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. చీర ఎగదోపి, గుంటలోకి దిగి, రెండు చేతులతో మన్ను ఎత్తి గంపలో పోయసాగింది. చౌడమ్మ కూడా దిగింది. గుంట అడుగు శుభ్రంగా కనపడేదాకా ఇద్దరూ ఎత్తారు.

అప్పుడు చౌడమ్మ ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుని, "అక్కా, ఇవాళ నువ్వు వచ్చి తలుపు కొట్టకపోతే నేను ఉండీ లేనట్టే అయ్యేదాన్ని. నీ మేలు ఈ జన్మలో మరవను" అంది.

ఓబుళమ్మ వెక్కుతూ, "పిచ్చిదానా! మూడు గుమ్మాల ముందు నిలబడి, కొట్టలేక వెనక్కి వచ్చాను. నాలుగోది నీది. నువ్వు తలుపు తీయకపోతే నేనేమైపోయేదాన్నో! మేలు చేసింది నువ్వు" అంది.

ఎవరికి ఎవరు మేలు చేశారో వాళ్ళిద్దరూ ఇప్పటికీ తేల్చుకోలేదు. చౌడమ్మ నంజుండయ్య ఇచ్చిన కషాయం నలభై రోజులూ మానకుండా తాగింది. మనసు కుదుటపడటానికి అంతకన్నా ఎక్కువ రోజులే పట్టింది. పట్టనీ! రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు తలుపు కొట్టి, "చౌడమ్మా, అన్నం తిన్నావా? పడుగుకు వస్తున్నావా?" అని అడిగేవారు. ఆమె ఆ మాట విన్న ప్రతిసారీ మనసులోనే దండం పెట్టుకునేది.

నీతి ఏమిటంటే, వందమంది మెప్పు చెవిదాకానే వస్తుంది, పక్కన నిలబడ్డ ఒక్క మనిషి ఆదరణే గుండెను నిలబెడుతుంది; అలాంటి మనిషి నీకుంటే దండం పెట్టుకో, లేకపోతే ముందు నువ్వే వెళ్ళి ఒక తలుపు కొట్టు.